వెండితెరపై ముస్లిం కుటుంబం - ఒక చారిత్రక పరిశీలన

సినిమా అంటే పొద్దుపోక చూసే వినోదమని మనలో చాలామంది అభిప్రాయం. పెద్దలైతే "అదొక పాడు అలవాటు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. కానీ మన గురించి ఇరుగుపొరుగువారు ఏమనుకుంటున్నారో, మన గురించి మనమే ఏమనుకుంటున్నామో తెలుసుకోవాలంటే సినిమాను కూడా చరిత్ర పుస్తకం చదివినట్టు చదవక తప్పదు.

ఈ మాట ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, ఈమధ్య మా మనవరాలు ఫోనులో ఒక పాత హిందీ సినిమా చూస్తూ, "తాతా! ఒకప్పుడు మనం కూడా నవాబులమేనా?" అని అడిగింది. మా తాతగారు భుజాన దూదేకే విల్లు వేసుకొని ఊరూరా తిరిగి పరుపులు కుట్టి బతికిన మనిషి. ఇంట్లో ఆయన మాట్లాడింది తెలుగు. షేర్వాణీ ఆయన ఒంటి మీద ఎన్నడూ లేదు. పిల్లకు వెంటనే ఏం చెప్పాలో నాకు తోచలేదు. నవాబుల ఊసు దాని తలలోకి ఎక్కడినుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోతే ఈ వ్యాసం తయారయింది.

మన దేశంలో మొట్టమొదటి మాటల చిత్రం 'ఆలం ఆరా' 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ థియేటరులో విడుదలయింది. తీసినవారు అర్దెషీర్ ఇరానీ. కథ పార్సీ నాటకరంగం నుంచి తెచ్చుకున్నది. ఆ నాటకాల్లో రాజసం, ప్రేమ, విరహం ఎక్కువగా ఉర్దూ పలుకుబడిలోనే పలికేవి. సినిమాకు మాట వచ్చేసరికి ఆ పలుకుబడే స్టూడియోల్లోకి నడిచి వచ్చింది. తర్వాతి కాలంలో మజ్రూహ్, షకీల్, సాహిర్, కైఫీ వంటి ఉర్దూ కవులు హిందీ సినిమా పాటకు ప్రాణం పోశారు. హిందీ చిత్రమనిపించుకునే దానిలో ఉర్దూ భాష, అవధ్ నాగరికత ఎంత లోతుగా ఉన్నాయో ముకుల్ కేశవన్ 1994లో ప్రచురించిన ఒక వ్యాసంలో చక్కగా చర్చించారు.

ఈ చర్చలో 'ఇస్లామికేట్' అనే మాట తరచుగా వినిపిస్తుంది. దీన్ని పుట్టించినవాడు అమెరికన్ చరిత్రకారుడు మార్షల్ హాడ్జ్‌సన్. ఆయన కాలం చేసిన తర్వాత, 1974లో వెలువడిన గ్రంథంలో ఈ మాట ఉంది. మతానికి సంబంధించినది వేరు, ముస్లింల ప్రాబల్యం ఉన్న సమాజాల్లో పెరిగి ముస్లిమేతరులు కూడా తమదిగా చేసుకున్న సంస్కృతి వేరు అని దీని సారాంశం. మన సినిమాకు ఈ మాట అతికినట్టు సరిపోతుంది. జహంగీరు న్యాయాన్ని చూపిన 'పుకార్' (1939) తీసిన సోహ్రాబ్ మోదీ పార్సీ. 'చౌధ్వీఁ కా చాంద్' (1960) నిర్మించిన గురుదత్ హిందువు. అందులో నాయిక వహీదా రెహమాన్, 'రోజులు మారాయి' (1955)లో ఏరువాక పాటకు నాట్యం చేసి అప్పటికే తెలుగువారి మన్ననలందుకున్న నటి. మన నందమూరి తారక రామారావుగారు 'అక్బర్ సలీం అనార్కలి' (1979)కి తామే దర్శకత్వం వహించి అక్బరు వేషం కట్టారు. ఆ సంస్కృతి ఒక్కరి సొత్తు కాదు, పదిమంది కలిసి కట్టుకున్న ఇల్లు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇరా భాస్కర్, రిచర్డ్ ఎలెన్ అనే పరిశోధకులు 2009లో వెలువరించిన గ్రంథంలో ఈ చిత్రాలలోని ముఖ్యమైన తరగతులను విడదీసి చూపారు. 'మొఘల్-ఎ-ఆజం' (1960) వంటివి చారిత్రకాలు. 'పాకీజా' (1972), 'ఉమ్రావ్ జాన్' (1981) వంటివి తవాయిఫుల కథలు. సమకాలీన ముస్లిం కుటుంబం కథ చెప్పేవి 'ముస్లిం సోషల్' చిత్రాలు. మెహబూబ్ ఖాన్ తీసిన 'నజ్మా' (1943), రవైల్ తీసిన 'మేరే మెహబూబ్' (1963) ఈ కోవలోవి. పరదా చాటున ఒక చూపు, మనిషిని పోల్చుకోలేక వచ్చే చిక్కులు, స్నేహితుని కోసం త్యాగం - ఇవీ ఆ కథల ముడిసరుకు.

గమనించవలసిన సంగతేమంటే, ఈ సినిమాల్లో పెద్ద పెద్దవి వచ్చేనాటికే నవాబుల కాలం చెల్లిపోయింది. హైదరాబాదు రాజ్యంలో జాగీర్లు 1949లో రద్దయ్యాయి. ఆ తర్వాత కొద్దికాలానికే ఉత్తరప్రదేశ్‌లో జమీందారీలు పోయాయి. నేల మీద కూలిన హవేలీని తెర మీద మళ్ళీ నిలబెట్టారన్నమాట. అందులో తప్పేమీ లేదు. ఆ తహజీబ్, ఆ మాటతీరు, పెద్దల పట్ల ఆ అదబ్ మనకూ గర్వకారణమే. కానీ హవేలీ గోడకు ఆవల ఉన్న నేతగాడు, దూదేకులాయన, బీడీలు చుట్టే తల్లి ఆ చిత్రాల్లో కథానాయకులు కాలేదు.

ఆ లోటు తీర్చడానికి కొందరు గట్టి ప్రయత్నమే చేశారు. ఎం.ఎస్.సత్యూ తీసిన 'గరమ్ హవా' (1973)లో దేశ విభజన తర్వాత ఆగ్రాలో చెప్పుల వ్యాపారం సాగక, ఇల్లు నిలుపుకోలేక నలిగిపోయే సలీం మీర్జా కనిపిస్తాడు. ఆ పాత్ర పోషించిన బల్‌రాజ్ సాహ్నీ సినిమా విడుదల కాకముందే 1973 ఏప్రిల్‌లో కన్నుమూశారు. సాగర్ సర్హదీ 'బజార్' (1982)లో గల్ఫ్ డబ్బుకు హైదరాబాదు ఆడపిల్లను అమ్ముకునే దురాచారాన్ని ఎత్తి చూపారు. అది చూస్తే మనకు తల దించుకోవాలనిపిస్తుంది. అయినా చూడవలసిన సినిమా. సయీద్ మీర్జా 1989లో బొంబాయి వీధుల్లో దారి తప్పిన కుర్రవాడి కథ చెప్పారు. టెలివిజన్ కూడా ఈ పనిలో పాలుపంచుకుంది. 1988లో దూరదర్శన్‌లో వచ్చిన 'తమస్'ను ఆపాలని వ్యాజ్యం వేస్తే, అది సుప్రీంకోర్టు దాకా పోయింది. ప్రసారం చేయవచ్చని కోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడాది గుల్జార్ 'మీర్జా గాలిబ్'తో ఉర్దూ రాని ఇళ్ళలో కూడా గాలిబ్ పేరు మారుమోగింది.

1990ల తర్వాత గాలి మళ్ళీ మారింది. 'రోజా' (1992) తెలుగులోనూ బాగా ఆడింది, పాటలు అందరం పాడుకున్నాం. ఆ చిత్రం ఎవరిని దేశవాసిగా, ఎవరిని పరాయివాడిగా చూపుతోందని తేజస్విని నిరంజన 1994లోనే ప్రశ్నించారు. నవాబు పోయి తెర మీదికి తుపాకీ పట్టినవాడు వచ్చాడు. ఈ ఇద్దరి మధ్య బతికే కోట్లాది మామూలు మనుషులు మాత్రం మళ్ళీ వెనకబడ్డారు. ఇది నిందగా అనడం లేదు. పాట నచ్చితే పాడుకుందాం, కానీ కథను కళ్ళు తెరుచుకొని చూద్దాం. పండితులు నేర్పేదీ ఇంతే.

చివరకు మా మనవరాలికి ఇలా చెప్పాను: "మనం నవాబులం కాదమ్మా. నవాబు పడుకున్న పరుపు కుట్టినవాళ్ళం." అది పకపకా నవ్వి, "అయితే ఆ తాత సినిమా ఏదీ?" అంది. ఆ సినిమా ఎవరూ తీయలేదు. తీసేదాకా మనం ఊరుకోనక్కరలేదు. ఈ సంచిక చదివే ప్రతి కుటుంబమూ తమ ఇంటి పెద్దవారిని కూర్చోబెట్టి, వారు చేసిన వృత్తి, పాడిన పాటలు, పెళ్ళిళ్ళలో వాడిన మాటలు ఒక నోటుబుక్కులో రాసి పెట్టాలని నా మనవి. రేపు మన పిల్లల్లోనే ఎవరో ఒకరు ఆ నోటుబుక్కు తెరిచి కథ రాస్తారు. అప్పుడు తెర మీద మన ఇల్లు మన ఇల్లులాగే కనిపిస్తుంది.