స్వేచ్ఛా మార్గం (2020)

బెలారుస్‌లో శాంతియుత నిరసనలను ప్రభుత్వం అణచివేసినప్పుడు, పొరుగునున్న లిథువేనియా పౌరులు 2020 ఆగస్టు 23న చేపట్టిన మానవహారమే స్వేచ్ఛా మార్గం. రాజధాని విల్నియస్ నుంచి సరిహద్దు గ్రామం మెదినింకై వరకు, 30 కిలోమీటర్లకు పైగా, సుమారు 50 వేల మంది రోడ్డు వెంట బారులు తీరారు.

నేపథ్యం

1994 నుంచి అధికారంలో ఉన్న అలెగ్జాండర్ లుకషెంకో 2020 ఆగస్టు 9 అధ్యక్ష ఎన్నికల్లో 80 శాతం ఓట్లతో గెలిచినట్టు ప్రకటన వెలువడింది. ప్రత్యర్థి స్వియత్లానా సిఖనౌస్కయాకు 10 శాతమే వచ్చాయన్న లెక్కను చాలామంది నమ్మలేదు. ఆ రాత్రే వీధుల్లోకి వచ్చిన జనంపై పోలీసులు రబ్బరు తూటాలు, స్టన్ గ్రెనేడ్లు ప్రయోగించారు. మూడు రోజులు ఇంటర్నెట్ దాదాపు స్తంభించింది. నాలుగు రోజుల్లో 6 వేల మందికి పైగా నిర్బంధంలోకి వెళ్లారు. 12న మిన్స్క్ మహిళలు తెల్లని దుస్తుల్లో, చేతుల్లో పూలతో వరుసగా నిలబడ్డారు. అక్రెస్త్సినా నిర్బంధ కేంద్రం నుంచి విడుదలైనవారు ఒంటిమీది వాతలు చూపడంతో ఆగ్రహం మరింత పెరిగింది.

మానవహారం

1989లో కూడా ఆగస్టు 23నే లిథువేనియా, లాత్వియా, ఎస్టోనియాలకు చెందిన సుమారు 20 లక్షల మంది సోవియట్ ఆధిపత్యాన్ని నిరసిస్తూ 600 కిలోమీటర్లకు పైగా మానవహారం కట్టారు. మెదినింకైలో 1991 జులైలో సోవియట్ ప్రత్యేక పోలీసులు ఏడుగురు లిథువేనియా సిబ్బందిని కాల్చి చంపారు. ఆ తేదీనీ, ఆ ఊరినీ కలిపిన హారంలో దేశాధ్యక్షుడు గితానస్ నౌసేదా కూడా పాల్గొన్నారు. బెలారుస్ ప్రతిపక్షం వాడే తెలుపు-ఎరుపు-తెలుపు రంగులతో ఎగరేసిన బెలూన్లను ఆపడానికి బెలారుస్ ఏకంగా సైనిక హెలికాప్టర్లను పంపింది. అవి తమ గగనతలంలోకి చొరబడ్డాయంటూ లిథువేనియా నిరసన తెలిపింది.

ఆశ్రయం, పొరపాటు

సిఖనౌస్కయా ఆగస్టు 11నే లిథువేనియా చేరారు. 2004లో మిన్స్క్‌లో మూతపడిన యూరోపియన్ హ్యుమానిటీస్ యూనివర్సిటీ కూడా విల్నియస్‌లోనే మళ్లీ తెరుచుకుంది. అయితే ఈ పొరుగు చరిత్రలో ఒక మచ్చ ఉంది. 'వియస్నా' మానవ హక్కుల సంఘం గుర్తింపును బెలారుస్ 2003లో రద్దు చేయడంతో, దాని నాయకుడు అలెస్ బియాలియాత్స్కీ పేరిట సంఘం కోసం విదేశాల్లో బ్యాంకు ఖాతాలు నడిచాయి. ఆ వివరాలను లిథువేనియా, పోలండ్ అధికారులు మిన్స్క్‌కు అందించారు. పన్ను ఎగవేత నేరం మోపి 2011లో ఆయనకు నాలుగున్నరేళ్ల శిక్ష వేశారు. లిథువేనియా తర్వాత క్షమాపణ చెప్పింది.

పర్యవసానం

మానవహారం లుకషెంకోను గద్దె దింపలేదు. 2021లో మళ్లీ అరెస్టయిన బియాలియాత్స్కీ, రష్యాకు చెందిన 'మెమోరియల్', ఉక్రెయిన్‌కు చెందిన 'పౌర స్వేచ్ఛల కేంద్రం'తో కలిసి 2022 నోబెల్ శాంతి బహుమతి పొందారు. 2025 డిసెంబరులో విడుదలై విల్నియస్ చేరుకున్నారు.