కంప్యూటరు మెమొరీలో ప్రత్యేకింపబడిన భాగము

కంప్యూటరులో అమర్చిన ర్యామ్ మొత్తములో ఆపరేటింగ్ సిస్టమునకు గాని, దాని ఆధారమున నడచు ప్రోగ్రాములకు గాని అందక, యంత్రముయొక్క ఇతరావయవముల నిమిత్తము ముందుగనే వేరుచేయబడిన అంశమునకు హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ మెమొరీ యని పేరు. 8 జీబీ గల యంత్రము తన వివరములలో 5.9 జీబీ మాత్రమే ఉపయోగార్హమని చూపినచో, ఆ రెండు అంకెల నడుమనున్న లోటే యిది. ప్రోగ్రాములు తెరచియుండుటవలన నిండిన మెమొరీ వేరు. అది ప్రోగ్రాములను మూసినంతనే విడుదలయగును. ఇది యంత్రమును ఆపి, అమరికలు మార్చి, మరల నడపిననే గాని కదలదు. కొన్ని యంత్రములలో ఈ లోటు సహజము, కొన్నింటిలో దోషసూచకము. ఏది యేదియో తేల్చుటకు ప్రధానాధారము లోటుయొక్క పరిమాణమే.

చరిత్ర

ఈ ఏర్పాటు నేటిది కాదు. 1981లో వెలువడిన ఐబీఎం పీసీలోని 8088 ప్రాసెసరు 20 బిట్ల చిరునామాలతో 1 ఎంబీ వరకు మాత్రమే గుర్తింపగలిగెడిది. అందులో 640 కేబీని ప్రోగ్రాములకు విడిచి, పైనున్న 384 కేబీ చిరునామాలను తెర, బయాస్, అదనపు కార్డుల కొరకు నిర్మాతలు కేటాయించిరి. 1985లో వచ్చిన 80386 ప్రాసెసరు 32 బిట్ల చిరునామాలతో 4,29,49,67,296 బైట్లను, అనగా 4 జీబీని గుర్తింపగలిగినను, పూర్వపద్ధతియే విస్తృతరూపమున కొనసాగెను. గ్రాఫిక్సు కార్డు, నెట్‌వర్కు కార్డు, బయాస్ చిప్పు మున్నగునవన్నియు ఆ 4 జీబీ చిరునామాలలో పైభాగమును ఆక్రమించుకొనగా, అచ్చటనే చిరునామా పొందవలసిన ర్యామ్, గ్రామములో భూమి యుండియు సర్వే నంబరు దొరకని కమతమువలె, సాగునకు రాక నిలిచిపోయెను. 4 జీబీ అమర్చిన 32 బిట్ల విండోస్ యంత్రములు సుమారు 3 మొదలు 3.5 జీబీ వరకు మాత్రమే చూపుటకు ఇదియే కారణము.

1995 నాటి పెంటియం ప్రో ప్రాసెసరు 36 బిట్ల చిరునామాలతో 64 జీబీ వరకు అందుకొను మార్గమును చూపెను. కాని, అనేక డ్రైవర్లు పెద్ద చిరునామాలను భరింపజాలక యంత్రములను స్తంభింపజేయుచుండుటచే, సామాన్య వినియోగమునకైన 32 బిట్ల విండోస్ 4 జీబీ హద్దును దాటలేదు. 2003లో అథ్లాన్ 64 తో సామాన్య పీసీలలో ఆరంభమైన 64 బిట్ల యుగమున, ఆక్రమణకు లోనైన ర్యామ్‌ను 4 జీబీకి పైనున్న చిరునామాలకు తరలించు మెమొరీ రీమ్యాప్ అను సదుపాయము బయాస్‌లలో సామాన్యమగుటతో ఈ చిక్కు చాలవరకు తొలగెను.

కారణములు

నేటి యంత్రములలో లోటునకు మొదటి కారణము ప్రాసెసరులోనే యిమిడియున్న గ్రాఫిక్సు. దానికి సొంత మెమొరీ లేనందున ప్రధాన ర్యామ్ నుండి కొంత గ్రహించును. ఇంటెల్ యంత్రములు సాధారణముగా 32 నుండి 128 ఎంబీ వరకు మాత్రమే స్థిరముగా తీసికొని, మిగిలినది అవసరమునుబట్టి అరువుగా వాడుకొనును. ఆ అరువు రిజర్వ్ లెక్కలోనికి రాదు. ఏఎండీ యంత్రములలో అనేకము 512 ఎంబీ గాని, 2 జీబీ గాని ఒక్కమారే స్థిరముగా వేరుపరచును. రెండవది, యంత్రమును మేలుకొలుపు ఫర్మ్‌వేర్ తన పట్టికలకును రక్షణకార్యములకును ఉంచుకొను స్వల్పభాగము. మూడవది ఆపరేటింగ్ సిస్టముయొక్క పరిమితి: విండోస్ 7 స్టార్టర్ 2 జీబీని, 64 బిట్ల హోమ్ బేసిక్ 8 జీబీని, హోమ్ ప్రీమియం 16 జీబీని మించి వాడదు. నాల్గవది బయాస్‌లో గాని, విండోస్‌లో గాని మానవకృతమైన అమరిక. ఐదవది ర్యామ్ పట్టీ కాంటాక్టుల లోపము.

లోటును చదువు విధము

విండోస్‌లో టాస్క్ మేనేజరు నందలి మెమొరీ పుట ఈ లోటును ఎంబీలలో చూపును. రిసోర్స్ మానిటరు దానినే రంగుపట్టీగా చూపును. లినక్స్‌లో యంత్రము మేలుకొనునప్పుడు ఫర్మ్‌వేర్ అందించు చిరునామాల పటమును డీమెసెగ్ ఆజ్ఞ పంక్తులుగా వెల్లడించును. ప్రతి పంక్తి చివర అది వాడదగినదో, రిజర్వు చేయబడినదో వ్రాసియుండును.

ఇచ్చట గ్రహింపదగిన సూక్ష్మమొకటి కలదు. అమర్చిన మెమొరీ, ఉపయోగార్హమైన మెమొరీ అను అంకెలు రెండును ఒక్కచోటినుండి వచ్చునవి కావు. మొదటిది ఫర్మ్‌వేర్ తయారుచేసిన సామగ్రి జాబితానుండి, రెండవది పైన చెప్పిన చిరునామాల పటమునుండి వచ్చును. ప్రతి ర్యామ్ పట్టీమీదను దాని సామర్థ్యమును తెలుపు చిన్న చిప్పు ఉండును గనుక, ఆ చిప్పును చదువగలిగి, పట్టీతో పని చేయింపజాలని యంత్రము జాబితాలో 16 జీబీ యనియు, పటములో 8 జీబీ యనియు చూపవచ్చును.

ఇక లోటు నూరు మొదలు మూడు వందల ఎంబీల వరకు ఉన్నచో చింతింప పనిలేదు. 512 ఎంబీకి గాని, ఒకటి రెండు జీబీలకు గాని కొంచెము పైబడియున్నచో గ్రాఫిక్సును అనుమానింపవలెను. ఎంత ర్యామ్ వేసినను మూడు జీబీల చిల్లర దగ్గరనే ఆగినచో ఆపరేటింగ్ సిస్టము 32 బిట్లదో కాదో చూడవలెను. సరిగా సగము గాని, పావు గాని మాయమైనచో పట్టీని, స్లాటును, ప్రాసెసరు సాకెట్టును పరీక్షింపవలెను.

నివారణ

గ్రాఫిక్సు భాగమును బయాస్‌లోని ఫ్రేమ్ బఫర్ అమరికవద్ద తగ్గింపవచ్చును. ల్యాప్‌టాప్‌లలో పెక్కింట ఈ అమరిక దాచబడియుండును. రీమ్యాప్ ఆపబడియున్నచో దానిని నడపవలెను. విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరచి, బూట్ పుటలోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నందు మాగ్జిమమ్ మెమొరీ అను గడికి టిక్కు ఉన్నచో తీసివేయవలెను. అచ్చట పెద్ద అంకె వేసినచో మెమొరీ పెరుగునని పలువురు భ్రమపడుదురు. ఆ గడి ర్యామ్ పరిమాణమును గాక చిరునామాల పైహద్దును నిర్ణయించును. 8 జీబీ యంత్రమున 8192 అని వేసినను, రీమ్యాప్‌వలన ఆ హద్దునకు పైకి తరలిన ర్యామ్ తెగిపోవును.

కాంటాక్టులను చూచునప్పుడు కరెంటు తీసి, ల్యాప్‌టాప్ ఐనచో బ్యాటరీని కూడ విడదీసి, పట్టీ బంగారు గీతలను పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, క్లిప్పులు టిక్కుమనువరకు మరల నొక్కవలెను. పట్టీలను ఒక్కొక్కటిగా స్లాట్లలో మార్చి చూచినప్పుడు దోషము పట్టీవెంట పోయినచో పట్టీదే లోపము. స్లాటువద్దనే నిలిచినచో స్లాటుదో, ప్రాసెసరుదో లోపము. మెమొరీ కంట్రోలరు ప్రాసెసరులోనికే చేరినందున, సాకెట్టులో వంగిన ఒక్క పిన్ను ఒక చానలు మొత్తమును మూసివేయగలదు.

మింజూరు ప్రాంతమున

చెన్నైకి ఉత్తరమున గుమ్మిడిపూండి రైలుమార్గముపై, సముద్రమునకు చేరువనున్న మింజూరు వంటి ఊళ్లలో తేమగాలి కాంటాక్టులకు శత్రువు గనుక, పైని శుభ్రపరచు పద్ధతి ఇచ్చట ముందుగా చేయదగినది. తమిళనాడు ప్రభుత్వపు ఉచిత ల్యాప్‌టాప్ పథకము 2011 సెప్టెంబరు 15న మింజూరున్న తిరువళ్లూరు జిల్లాలోనే కాక్కళూరున ముఖ్యమంత్రి జయలలిత చేతులమీదుగా ప్రారంభమయ్యెను. ఎల్‌కాట్ సంస్థ సేకరించిన ఆ యంత్రములలో విండోస్‌తోపాటు సీడాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్స్ కూడ ఉండెడిది. అట్టి పొదుపు యంత్రమునకు ప్రాణము పోయదలచినవారు లోకల్ రైలెక్కి చెన్నై సెంట్రల్‌లో దిగి రిచ్చి స్ట్రీటు అంగళ్లలో ర్యామ్ కొనుటకు ముందు తేల్చుకొనవలసినవి మూడు కలవు: బోర్డు ఎంతవరకు అంగీకరించును, సిస్టము 32 బిట్లదా 64 బిట్లదా, ఆ ఎడిషను హద్దు ఎంత. స్టార్టర్ ఉన్న యంత్రమున 4 జీబీ పట్టీ వేసినను విండోస్ 2 జీబీనే వాడును. అదే పట్టీని, బోర్డు అంగీకరించినచో, 64 బిట్ల లినక్స్ దాదాపు పూర్తిగా వాడుకొనును. ఈ మూడింటిలో ఏ ఒక్కటి అడ్డుపడినను క్రొత్త పట్టీకి పెట్టిన సొమ్ము వృథాయగును గనుక, కొనుగోలునకు ముందు చేయు పరీక్షయే ఈ విషయమున ఉత్తమ నివారణము.