రాతిసాన నుండి కర్బనపు పోగు వరకు

వరంగల్లు సీమలో రెండు పాత విద్యలు కలవు. ఒకటి రాతిని సానపట్టుట, రెండవది తివాసీల నేత. హనుమకొండలో 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడియందును, పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు నిర్మింపజేసిన రామప్ప గుడియందును నల్లరాతి నునుపు నేటికిని చూపరులను ఆకర్షించుచున్నది. వరంగల్లు తివాసీలు 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనములో చోటు సంపాదించినవి. ఈ విద్యలకును నేటి విమానపు రెక్కకును సంబంధమేమి? ఆ సంబంధము కోతలో ఉన్నది.

ఉక్కు కడ్డీని తరిమెనపై త్రిప్పుచు పనిముట్టును ఆనించినచో లోహము చుట్టలు చుట్టుకొని ఊడివచ్చును. ఒత్తిడికి సాగి ఒదుగుట లోహము యొక్క గుణము. రాతికి ఆ గుణము లేదు. అది పెచ్చులుగా విరుగును. అందుచేత శిల్పి మొదట ఉలితో పెచ్చులు లేవగొట్టి, పిమ్మట రాతికన్న కఠినమైన రజనుతో అరగదీయవలెను. కురువిందము అట్టి కఠినమైన ఖనిజము.

1959 అక్టోబరు 10న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ వరంగల్లులో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన చేసెను. అది 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారినది. కళాశాల వెలసిన నాటికి కోతశాస్త్రమనగా ముఖ్యముగా లోహపు కోతశాస్త్రమే. అమెరికా శాస్త్రజ్ఞుడు మర్చంట్ 1945లోనే లోహము చుట్టగా లేచు తీరును గణితముతో వివరించియుండెను.

కాని అప్పటికే మరొక పదార్థము తలయెత్తుచుండెను. 1958లో అమెరికాలో రోజర్ బేకన్ మిక్కిలి బలముగల కర్బనపు పోగులను కనుగొనెను. తరువాతి దశాబ్దిలో ఇంగ్లండులోని ఫార్న్‌బరో పరిశోధనాలయమువారు అట్టి పోగులను తయారుచేయు పద్ధతిని రూపొందించిరి. ఒక్కొక్క పోగు మందము 5 నుండి 10 మైక్రానులు మాత్రమే. ఇట్టి పోగులను రెసిన్ అను బంకలో పొరలు పొరలుగా పేర్చి గట్టిపరచినచో సంయుక్త పదార్థము ఏర్పడును. అది లోహమంత బలముగా ఉండియు చాల తేలికగా ఉండును. 2001 జనవరి 4న తొలిసారి ఎగిరిన మన తేజస్ విమానపు దేహభారములో సుమారు 45 శాతము ఇట్టి పదార్థమే.

ఇక్కడనే చిక్కు వచ్చినది. రెక్కపై పలకను బిగించవలెనన్న బెజ్జములు తొలువవలెను. బర్మా రెండవవైపునకు చేరునప్పుడు మిగిలిన పలుచని పొరలను కోయుటకు బదులు ముందుకు నెట్టును. పొరలు విడిపోవును. లోపల ఏర్పడిన బీట పైకి కనబడకపోవచ్చును. బెజ్జములు తొలుచుట పనిలో చివరి మెట్టు గనుక, అచట తప్పు జరిగినచో అంతవరకు పడిన శ్రమ అంతయు వృథా. బీటను గుర్తింపక విడిచినచో విమానమునకే ప్రమాదము.

1983లో డెన్మార్కు పరిశోధకులు కోప్లెవ్ మున్నగువారు కర్బనపు పోగుల కోతను పరిశీలించి, అది లోహమువలె సాగుటచేత గాక వరుస విరుగుళ్ళచేత జరుగునని చూపిరి. అనగా దాని స్వభావము రాతికి దగ్గర. కనుకనే దానిని వజ్రపు రజను పొదిగిన చక్రములతో అరగదీయుట మేలైనది. 1990లో హోచెంగ్, ధరణ్ అను శాస్త్రజ్ఞులు బర్మా నెట్టు బలము ఒక హద్దు దాటినప్పుడే పొరలు విడుచునని లెక్కకట్టిరి. ఆ హద్దులోపల తొలిచినచో పొరలు నిలుచును.

అన్ని పోగులును ఒకే తీరువి కావు. 1965లో స్టెఫనీ క్వోలెక్ కనుగొన్న పరిశోధన నుండి పుట్టిన కెవ్లార్ పోగు విరుగదు, సాగి పీచులు తేలును. దానిని అరగదీసి లాభము లేదు, కత్తెరవలె ఇరువైపుల నుండి పట్టి తెంచవలెను. తివాసీ నేతగాడు పైకి లేచిన పోగులను కత్తెరతో సమము చేయుట ఇట్టిదే.

సానపట్టుటలో వేడిమియు శత్రువే. రెసిన్ మెత్తబడి చక్రమునకు అంటుకొనును. అందుచేత వేగమును, ఒత్తిడిని అదుపులో ఉంచవలెను. ధూళి మరింత ప్రమాదకరము. రాతిధూళి పీల్చిన కార్మికుల ఊపిరితిత్తులు చెడుట అందరెరిగినదే. గాజు, కర్బనపు పోగుల ధూళి విషయమునను అదే జాగ్రత్త అవసరము. ధూళిని పుట్టినచోటనే గాలియంత్రముతో పీల్చివేయవలెను.

ఉపాధ్యాయులు ఈ సంగతిని తరగతిలో సులభముగా చూపవచ్చును. ఒక ప్లైవుడ్ ముక్కకు బెజ్జము వేసినచో వెనుకవైపున పేళ్ళు లేచును. వెనుక మరొక చెక్కను గట్టిగా ఆనించి తొలిచినచో అంచు శుభ్రముగా వచ్చును. విమాన కర్మాగారములలోను ఇదే ఉపాయమును వాడుదురు. పదార్థము మారినప్పుడు పనిముట్టు మాత్రమే గాక పనిచేయు తీరును మారవలెను. నల్లరాతికి నునుపు తెచ్చిన ఓర్పు కర్బనపు పోగుకును కావలెను.