పోలీసులపై ఫిర్యాదులు వినే సంస్థను జనం నమ్ముతున్నారా? సర్వే అంకెలను ఎలా చదవాలి?

స్టేషన్‌కు పిలిపించి కొట్టారు. కేసు కట్టకుండా తిప్పుకుంటున్నారు. రాజీ పడమని ఒత్తిడి తెస్తున్నారు. ఇలాంటివి ఎదురైతే మీరు ఎవరి దగ్గరికి వెళ్తారు?

పోలీసుల మీద పోలీసులకే చెప్పుకోవాలంటే ఎవరైనా వెనకాడతారు. అందుకే చాలా దేశాల్లో ఈ ఫిర్యాదులు వినడానికి విడిగా ఒక సంస్థ ఉంటుంది. కానీ చట్టం చేసి, కార్యాలయం తెరిచినంత మాత్రాన సరిపోదు. బాధితుడు ఆ గడప తొక్కాలి. నమ్మకం లేకపోతే తొక్కడు. ఆ నమ్మకం ఎంతుందో తెలుసుకోవడానికే ప్రజాభిప్రాయ సర్వేలు చేస్తారు.

ఫిర్యాదుల సంఖ్య చూస్తే తెలియదా?

తెలియదు. ఫిర్యాదులు తగ్గాయంటే పోలీసుల తీరు మెరుగుపడిందని కావచ్చు, చెప్పినా లాభం లేదని జనం ఊరుకున్నారనీ కావచ్చు. పెరిగినా అంతే. తప్పులు పెరిగి ఉండవచ్చు, సంస్థ మీద నమ్మకమైనా పెరిగి ఉండవచ్చు. ఫిర్యాదు చేయడానికి రాని వాళ్లను అడిగితే తప్ప అసలు సంగతి తేలదు.

ఉత్తర ఐర్లాండ్‌లో ఏం చేస్తున్నారు?

ఈ విషయంలో తరచూ ప్రస్తావనకు వచ్చే ఉదాహరణ ఉత్తర ఐర్లాండ్. కేథలిక్కులు, ప్రొటెస్టెంట్ల మధ్య దశాబ్దాల పాటు ఘర్షణలు సాగిన ప్రాంతం అది. పోలీసుల్లో ఎక్కువ మంది ప్రొటెస్టెంట్లే కావడంతో, తమ ఫిర్యాదు ఎవరు వింటారన్న అనుమానం కేథలిక్కుల్లో బలంగా ఉండేది. ఫిర్యాదుల విధానాన్ని సమీక్షించిన మారిస్ హేస్ 1997లో స్వతంత్ర సంస్థ కావాలని సిఫారసు చేశారు. 1998లో చట్టం వచ్చింది. 2000 నవంబరులో పోలీస్ అంబుడ్స్‌మన్ కార్యాలయం పని మొదలుపెట్టింది. పోలీసులపై ప్రజలు చేసే ఫిర్యాదులన్నీ అక్కడికే వెళ్తాయి.

ఈ కార్యాలయం మూడు రకాల వాళ్ల అభిప్రాయం తీసుకుంటుంది.

సాధారణ ప్రజలు: ప్రభుత్వ గణాంక సంస్థ చేసే సర్వేలో ప్రశ్నలు చేరుస్తారు. అంబుడ్స్‌మన్ గురించి విన్నారా, అది పోలీసులతో సంబంధం లేని సంస్థేనా, ఫిర్యాదును పక్షపాతం లేకుండా విచారిస్తుందా అని అడుగుతారు.

ఫిర్యాదు చేసినవాళ్లు: సిబ్బంది మర్యాదగా మాట్లాడారా, విచారణ ఎంత వరకు వచ్చిందో చెబుతూ వచ్చారా, ఎంత కాలం పట్టింది అని తెలుసుకుంటారు.

ఫిర్యాదు ఎదుర్కొన్న పోలీసులు: తమ పట్ల న్యాయంగా వ్యవహరించారా అని వాళ్లనూ అడుగుతారు. రెండు వైపులా నమ్మకం లేకపోతే అలాంటి సంస్థ ఎక్కువ కాలం నిలబడదు.

ఇంకో ముఖ్యమైన విషయం, ప్రజల జవాబులను మతాల వారీగా కూడా విడదీసి ప్రకటిస్తారు. మొత్తం మీద అంకె బాగానే కనిపించినా, ఒక వర్గంలో నమ్మకం పడిపోతే అది దాగకుండా ఉండటానికే ఈ ఏర్పాటు.

అంకెల్లో మతలబు ఎక్కడుంది?

ఒక ఊహాజనిత లెక్క చూడండి. సర్వేలో 1,000 మందిని అడిగారు. సంస్థ పేరు విన్నవాళ్లు 600 మంది. వాళ్లలో నమ్ముతున్నామన్నవాళ్లు 420 మంది. విన్నవాళ్లలో లెక్కిస్తే 70 శాతం. అందరిలో లెక్కిస్తే 42 శాతం. రెండూ తప్పు కావు. కానీ హెడ్‌లైన్‌లో కనిపించేది సాధారణంగా మొదటిదే. కాబట్టి ‘ఎంత మందిలో’ అన్నది ముందు చూడండి.

రెండోది శాంపిల్. 1,000 మందిని సరైన పద్ధతిలో ఎంపిక చేస్తే ఫలితం సుమారు 3 శాతం అటూఇటూ ఉండవచ్చు. అందులో ఒక వర్గం వాళ్లు 100 మందే ఉంటే ఆ తేడా 10 శాతం దాకా వెళ్తుంది. కాబట్టి ఒక్క ఏడాదిలో రెండు మూడు శాతం మారిందని నిర్ణయానికి రాకూడదు.

మూడోది, ఫిర్యాదుదారుల సంతృప్తి. కేసు తనకు అనుకూలంగా తేలని మనిషి సహజంగానే అసంతృప్తిగా ఉంటాడు. అందుకే ఫలితం గురించి వేరుగా, తనతో వ్యవహరించిన తీరు గురించి వేరుగా అడగాలి.

చివరగా, అడిగేది ఎవరు? యూనిఫాంలో ఉన్న మనిషి ఎదురుగా నిలబడి ‘మీకు నమ్మకం ఉందా’ అంటే వచ్చే జవాబుకు విలువ తక్కువ.

మన దగ్గర పరిస్థితి ఏమిటి?

ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు, రాష్ట్ర, జిల్లా స్థాయుల్లో పోలీస్ ఫిర్యాదుల అథారిటీలు పెట్టాలని ఆదేశించింది. డీఎస్పీ స్థాయి వరకు అధికారులపై ఫిర్యాదులు జిల్లా అథారిటీకి, ఎస్పీ, ఆపై స్థాయి వాళ్లపై రాష్ట్ర అథారిటీకి వెళ్లాలి. వీటికి రిటైర్డ్ జడ్జీలు నాయకత్వం వహించాలి. కస్టడీలో మరణం, తీవ్ర గాయం, అత్యాచారం వంటివి వీటి పరిధిలోకి వస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ అథారిటీల వ్యవహారం హైకోర్టుల దాకా వెళ్లింది.

పోలీసు వ్యవస్థపై అభిప్రాయాలు సేకరించే పని మన దేశంలోనూ జరుగుతోంది. కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ లోక్‌నీతి కలిసి 2018 నుంచి ఇలాంటి నివేదికలు ఇస్తున్నాయి. 2019 నివేదిక కోసం 21 రాష్ట్రాల్లో సుమారు 12 వేల మంది పోలీసులనే ప్రశ్నించారు. మరి అథారిటీల మీద మన నగరాల్లో ఎవరైనా సర్వే చేస్తే? ‘నమ్ముతున్నారా’ అనేది రెండో ప్రశ్నే అవుతుంది. మొదట అడగాల్సింది ‘ఇలాంటిది ఒకటి ఉందని మీకు తెలుసా’ అని. ఆ ప్రశ్నను మీకు మీరే ఒకసారి వేసుకోండి.

మీకే అవసరం వస్తే?

స్టేషన్‌లో కేసు నమోదు చేయకపోతే, బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173(4) కింద ఫిర్యాదు సారాంశాన్ని రాతపూర్వకంగా పోస్టులో ఎస్పీకి పంపవచ్చు. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు చేయవచ్చు. మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లాలనుకుంటే ఘటన జరిగిన ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి. పంపిన ప్రతి కాగితానికీ కాపీ, పోస్టు రసీదు దాచుకోండి.