ఎవరి పక్షాన సాక్ష్యం?
మానవశాస్త్రం, మన్యం, తెలుగు రచయిత

మానవశాస్త్రం అనగానే మన సాహిత్య విద్యార్థుల్లో చాలామందికి అది విశ్వవిద్యాలయంలో వేరే భవనంలో చెప్పే చదువు అనిపిస్తుంది. పుర్రెలు, రాతి పనిముట్లు, గిరిజన స్త్రీల నగల ఫోటోలు గుర్తుకొస్తాయి. కాని గత ఇరవై ఏళ్ళుగా అటవీ హక్కుల మీద, ప్రాజెక్టుల ముంపు మీద, షెడ్యూల్డు తెగల జాబితా మీద జరుగుతున్న వాదాలన్నిటిలోనూ ఆ శాస్త్రం మాటలే వినిపిస్తున్నాయి. ఆ మాటలు ఎక్కడ పుట్టాయి, ఎవరి అవసరానికి పుట్టాయి, ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉన్నాయి అన్న చరిత్ర తెలియకపోతే, ఈ చర్చలో తాను ఏ పక్షాన నిలబడ్డాడో రచయితకే తెలియదు. ఆ చరిత్రను మన గోదావరి ప్రాంతం నుంచి పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను పాఠాలు చెప్పే అన్నవరం మైదానానికీ మన్యానికీ మధ్య గుమ్మం లాంటి ఊరు. రత్నగిరి మీద సత్యనారాయణస్వామి ఆలయం 1891లో వెలిసింది. ఏటా లక్షలాది మంది వచ్చి వ్రతం చేసుకుని పోతారు. ఆ వ్రతకథలో అడవి ఉంది, కట్టెలమ్ముకుని బతికేవాడు ఉన్నాడు, గొల్లలు పెట్టిన ప్రసాదాన్ని కాదన్న తుంగధ్వజ మహారాజు ఉన్నాడు. మన సాహిత్యం అడవి మనిషికి ఇచ్చిన స్థానం చాలావరకు ఇదే: నాగరికుడికి ఒక నీతి తెలియజెప్పి తప్పుకునే పాత్ర. యాత్రికులు కొండ దిగి రైలెక్కుతారు. గుడి వెనక ఎగువకు సాగే కొండల్లో ఎవరు ఎట్లా బతుకుతున్నారన్నది కథకు అవసరం లేదు.

వలస పాలకులకు మాత్రం ఆ సంగతి అవసరమైంది. 1879లో రంప తిరుగుబాటు వచ్చింది. కల్లు మీద పన్నులు, మన్సబుదారు దోపిడీ, మైదానం నుంచి వచ్చిన వర్తకుల అప్పులు, వాళ్ళకు అండగా నిలిచిన కోర్టులు దానికి కారణాలు. కొండ మనిషి గురించి తెలుసుకోకుండా కొండను పాలించడం సాధ్యం కాదని సర్కారుకు అర్థమైంది. అయితే ఆ తెలుసుకోవడం ఎటువంటిది? మద్రాసు ప్రభుత్వ మ్యూజియం అధిపతి ఎడ్గర్ థర్‌స్టన్ కొలత సాధనాలు పట్టుకుని దక్షిణాది అంతా తిరిగి మనుషుల తలలు, ముక్కులు కొలిచాడు. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి నూరుతో హెచ్చిస్తే ఒక సంఖ్య వస్తుంది. 1901 జనాభా లెక్కలను నడిపిన రిజ్లీ ఆ సంఖ్యకూ కులం అంతస్తుకూ సంబంధం ఉందని వాదించాడు. 1909లో థర్‌స్టన్, రంగాచారి సహాయంతో, దక్షిణ భారత కులాల మీద, తెగల మీద ఏడు సంపుటాలు వెలువరించాడు. వాటిలో పెళ్ళి తంతులు, పచ్చబొట్లు, ఇంటిపేర్లు ఉన్నాయి. ఆ సమాచారం విలువను కాదనలేం. కాని అందులో మనిషి అక్షర క్రమంలో అమర్చిన ఒక నమూనా.

ఆ సంపుటాలు అచ్చయిన పదమూడేళ్ళకు, 1922లో, అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మన్యం మళ్ళీ లేచింది. పోడును నిషేధించిన అటవీ చట్టాలు, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేయించిన రోడ్డు వెట్టి ఆ తిరుగుబాటుకు తక్షణ కారణాలు. 1923 ఏప్రిల్‌లో రాజు అన్నవరం వచ్చాడు. గాం గంటందొర, గాం మల్లుదొర ఆయన పక్కన నిలిచి పోరాడిన మన్యం నాయకులు. ముక్కుల కొలతల్లో పోడు కోల్పోయినవాడి ఆకలికి గడి లేదు. అధికారికి పనికొచ్చేటట్లు సేకరించిన జ్ఞానం అధికారి అడిగిన ప్రశ్నలకే జవాబు చెప్పింది. ఇది ఒక్క థర్‌స్టన్ లోపం కాదు, ఆ జ్ఞానాన్ని పోగుచేయించిన వ్యవస్థ స్వభావం.

అదే కాలంలో మరో రకం జ్ఞానానికి పునాది వేసినవాడు ఒక బడిపంతులు. వాడుకభాషా ఉద్యమ నాయకుడిగా మనం పరీక్షల కోసం చదివే గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే వాచకాలు తయారుచేశారు, బళ్ళు పెట్టారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇస్తామంటే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమని అడిగారని చెబుతారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణ గ్రంథం అచ్చయింది. థర్‌స్టన్ తీసుకున్నది మ్యూజియానికి చేరింది. గిడుగు వారు తీసుకున్నది పలకగా, పుస్తకంగా ఇచ్చినవాళ్ళ చేతికే తిరిగి వెళ్ళింది. మన సాహిత్య చరిత్రల్లో గిడుగు వారి సవర కృషి వాడుకభాషా వాదానికి అనుబంధంగా కనిపిస్తుంది. ఒకే న్యాయానికి అవి రెండు ముఖాలని నా అభిప్రాయం. మాట్లాడేవాడి మాటకు ప్రమాణం మాట్లాడేవాడే అన్న సూత్రాన్ని ఆయన అగ్రహారానికీ, సవర గూడేనికీ సమానంగా వర్తింపజేశారు.

గోదావరి ఒడ్డుకు వద్దాం. 1909లో వియన్నాలో పుట్టిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు భారతదేశంలో ఉండిపోయాడు. చేతిలో జర్మనీ పాస్‌పోర్టు ఉండడం వల్ల బ్రిటిష్ వారికి అతడు శత్రుదేశీయుడు. నైజాం రాజ్యంలో ఉండడానికి అనుమతి దొరికింది. 1940లో చెంచుల మధ్య, ఆ తర్వాత పాపికొండల్లో కొండరెడ్ల మధ్య, ఆపైన ఆదిలాబాదు గోండుల మధ్య పనిచేశాడు. కొండరెడ్ల మీద అతని గ్రంథం 1945లో వెలువడింది. ఇంగ్లీషు పేరులో పాపికొండలను అడవిదున్నల కొండలన్నాడు.

ఆ గ్రంథంలో పండుగలు, దేవతలు, పోడు పద్ధతులు వివరంగా ఉన్నాయి. వాటితో పాటు కలప వర్తకుడు కూడా ఉన్నాడు. జొన్న, సామ, కొర్ర పండించుకుని, కరువు రోజుల్లో మామిడి టెంకల పిండితో, జీలుగు కల్లుతో ప్రాణం నిలుపుకునే కొండరెడ్డి, నదీ తీరపు ఊళ్ళలో కలప కాంట్రాక్టర్ల కింద కూలివాడైపోవడం అతడు చూశాడు. అప్పుగా సరుకు ఇస్తారు. వెదురు, కలప కొట్టిస్తారు. తెప్పలు రాజమండ్రి అడితీలకు దిగిపోతాయి. బాకీ మాత్రం మిగులుతుంది. చదువు లేని మనిషి ఆ లెక్క సరిచూసుకోలేడు. సంస్కృతుల కలయిక అని శాస్త్రం మర్యాదగా పిలిచే దాని లోపల రుణబంధం ఉందని ఆ పుస్తకం నమోదు చేసింది.

సాహిత్య విద్యార్థులు గమనించవలసిన విషయం మరొకటి ఉంది. కొండరెడ్ల మాతృభాష తెలుగు. మనం తెలుగు సంస్కృతి అంటూ రాసుకున్న వేల పేజీల్లో ఈ తెలుగువాళ్ళ పలుకుబడులకు, పాటలకు దక్కిన చోటు ఎంత? వాళ్ళ బతుకును పుస్తకంగా చదవాలంటే వియన్నా నుంచి వచ్చినవాడు ఇంగ్లీషులో రాసినదాన్ని తెరవవలసి రావడం మనం ఆలోచించుకోవలసిన సంగతి.

1940లో జోడేఘాట్‌లో కొమరం భీం నేలకొరిగాక, గోండుల అశాంతికి కారణాలు తెలుసుకునే పనిని నైజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. కారణం భూమి అని అతడు చెప్పాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీలో వాచకాలు వచ్చాయి. 1940ల ఆఖరుకు ఆదిలాబాదులో లక్షన్నర ఎకరాలకు పైగా భూమికి గిరిజనుల పేర పట్టాలు వచ్చాయి. ఇదంతా నైజాం ప్రభువు ఔదార్యమని అనుకోనక్కరలేదు. భీం పోరాటం లేకుంటే సర్కారుకు ఆ శాస్త్రజ్ఞుడి మాట వినవలసిన అగత్యం ఉండేది కాదు. పోరాటం ప్రశ్న వేసింది, పరిశోధన దానికి రుజువులు సమకూర్చింది. పట్టాలు వచ్చినా వలస వచ్చిన భూస్వాములు, వడ్డీవర్తకులు ఆ భూముల్లో చాలా భాగాన్ని మళ్ళీ కాజేశారు. లండన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసి 1976లో పదవీ విరమణ చేసిన హైమన్‌డార్ఫ్ తిరిగి వచ్చి ఆ విధ్వంసాన్ని చూశాడు. 1982లో భారతీయ తెగల మనుగడ పోరాటం మీద గ్రంథం రాశాడు. దానికి ముందు ఏడాదే, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు.

దేశం మొత్తం మీద ఆనాడు నడిచిన వాదం వేరు. వెరియర్ ఎల్విన్ 1939లో బైగాల మీద రాస్తూ వాళ్ళను బయటి ప్రపంచపు దోపిడీకి దూరంగా కాపాడాలన్నాడు. 1943లో ఘుర్యే, వాళ్ళు వెనకబడిన హిందువులే, హిందూ సమాజంలో కలవవలసినవాళ్ళేనని జవాబిచ్చాడు. వేరుగా ఉంచాలా, కలపాలా అన్న ఈ తగాదాలో ఎటు పోవాలో నిర్ణయించే హక్కు ఆదివాసిదేనన్న మాట వెనకబడింది.

స్వాతంత్ర్యం వచ్చాక శాస్త్రం పరిభాష చట్టానికి గడప అయింది. 1965లో లోకూర్ కమిటీ ఒక సమూహాన్ని షెడ్యూల్డు తెగగా గుర్తించడానికి అయిదు లక్షణాలు చెప్పింది: ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, భౌగోళికంగా విడిగా ఉండడం, బయటివాళ్ళతో కలవడానికి బిడియపడడం, వెనకబాటుతనం. నేటికీ ఇవే కొలబద్దలు. హక్కు కావాలంటే మనిషి బిడియపడి చూపించాలి! చదువుకున్న కొండరెడ్డి యువకుడు కలెక్టరు ఎదుట నిలిచి గట్టిగా మాట్లాడితే అతని ఆదిమత్వం తగ్గినట్టా? 2023లో బోయ, వాల్మీకి కులాలను ఎస్టీ జాబితాలో చేర్చాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానించింది. ఆదివాసీ సంఘాలు వ్యతిరేకించాయి. పేదరికం రెండు వైపులా నిజమే. కాని నిజమైన తగాదా ఉద్యోగాలు, భూమి, చదువు ఇంత తక్కువగా ఎందుకు పంచబడ్డాయన్నది. దాన్ని పక్కనపెట్టి, ఎవరు ఎంత ఆదిములో తేల్చుకోమని పేదలను పేదల మీదికి తోస్తున్నాం. కొలత సాధనం మ్యూజియంలోకి వెళ్ళింది కాని కొలత ఆగలేదు.

అయితే అదే శాస్త్రం సాక్ష్యంగా మారే దారి కూడా చట్టంలో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2008 జనవరిలో అమల్లోకి వచ్చిన నియమాలు, హక్కు రుజువు చేసుకోవడానికి సర్కారు కాగితాలే అక్కరలేదన్నాయి. ప్రతిష్ఠ గల సంస్థలు ఆచార వ్యవహారాల మీద చేసిన పరిశోధనలను, ఊరి పెద్దలు చెప్పగా రాసుకున్న వాఙ్మూలాలను కూడా సాక్ష్యాలుగా అంగీకరించాయి. పోడు చేసిన కొండ ఏది, దేవత ఉన్న చెట్టు ఏది, ఊరు ఎప్పుడు ఎక్కడికి కదిలింది అన్న ముసలివాళ్ళ జ్ఞాపకం ఇప్పుడు దస్తావేజు. అటవీ అధికారి కాదన్నదాన్ని అవ్వ మాట అవుననగలదు, ఎవరైనా రాసిపెడితే.

ఎవరు రాస్తున్నారు? 1945 నాటి గ్రంథంలో కనిపించే కొయిదా, కాకిస్నూరు, పేరంటపల్లి ఊళ్ళు నేటి వేలేరుపాడు మండలంలో పోలవరం ముంపు ప్రాంతంలోవి. ప్రభుత్వ లెక్క ప్రకారమే ఆ ప్రాజెక్టు వల్ల కదలవలసిన కుటుంబాలు లక్షకు పైబడే. వాళ్ళలో పెద్ద భాగం గిరిజనులు. ముంపు మండలాలను 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. 2022 జులై వరదల్లో వేలేరుపాడు, కుక్కునూరు మండలాల ఊళ్ళు నీళ్ళలో ఉన్నాయి. ఆ జలాశయం ఎడమ కాలువ మా మెట్ట ప్రాంతానికి నీళ్ళివ్వవలసినది. అంటే ఈ వ్యవహారంలో నేనూ, నా విద్యార్థులూ తటస్థులం కాము, లాభం పొందే పక్షం. లాభం పొందే పక్షానికి నష్టపోయేవాడి లెక్క తెలిసి ఉండడం కనీస ధర్మం. పరిహారం పట్టికలో ఇల్లు ఉంటుంది, చెట్టు ఉంటుంది. జీలుగు చెట్టు మీద ఏ కుటుంబానికి ఎన్ని తరాల హక్కో, భూమి పండుగ ఏ గట్టు మీద జరగాలో ఆ పట్టికకు ఎక్కదు.

అభ్యుదయ సాహిత్యం మన్యాన్ని తిరుగుబాటు భూమిగా కీర్తించింది. అది అవసరమైన పని. కాని వీరుణ్ణి కీర్తించినంత శ్రద్ధగా, ఆ వీరుడు ఎవరి కోసం విల్లు పట్టాడో ఆ మనుషుల నిత్య జీవితాన్ని మనం నమోదు చేయలేదు. విశ్వవిద్యాలయాల్లో పరిశోధకులు చేసిన సిద్ధాంత గ్రంథాలు ఇంగ్లీషులో, గ్రంథాలయ బీరువాల్లో ఉంటున్నాయి. వాటిలోని సమాచారాన్ని తెలుగులోకి తేవడం, పునరావాస కాలనీలకు వెళ్ళి పెద్దల మాటలను వాళ్ళ మాటల్లోనే, ఊరు పేరుతో, తేదీతో, వాళ్ళ అనుమతితో రాసుకోవడం, రాసిన ప్రతి ఒకటి వాళ్ళ గ్రామసభకు ఇవ్వడం మన సంఘాల శాఖలు చేయగల పనులు. వీటికి గొప్ప సిద్ధాంత పాండిత్యం అక్కరలేదు, పర్లాకిమిడి పంతులు గారి ఓపిక కావాలి. పునరావాస కాలనీల్లో ఇవాళ డెబ్బై, ఎనభై ఏళ్ళవాళ్ళు ఉన్నారు. నది ఒడ్డున తమ ఊరు ఎక్కడుండేదో, పోడు ఏ కొండ మీద కొట్టేవారో చెప్పగలిగిన చివరి తరం వాళ్ళే.