నీట మునిగిన విజయపురి

వానకాలమున రేడియోలో ప్రాంతీయ వార్తలు వచ్చు వేళ, నాగార్జునసాగరమున నీటిమట్టమెంత యని మనమందరమును చెవి యొగ్గి వినుచుందుము. ఆ మట్టము 590 అడుగులను చేరినదనగానే రైతు మనస్సు కుదుటబడును. అది న్యాయమే. కాని ఆ నీటి యడుగున ఒక రాజధాని యున్నదని, మన పూర్వులు నడచిన వీధులును, స్నానమాడిన మెట్లును అచ్చట నిదురించుచున్నవని ఆ వార్త వినునపుడు ఎందరికి జ్ఞప్తికి వచ్చును?

ఆ రాజధాని పేరు విజయపురి. శాతవాహనుల ప్రాభవము అస్తమించిన పిమ్మట, క్రీస్తుశకము మూడవ శతాబ్దమున ఇక్ష్వాకు రాజులు దానిని తమకు పీఠముగా చేసికొనిరి. మూడు దిక్కుల కొండలు, నాలుగవ దిక్కున కృష్ణవేణి. ప్రకృతియే కట్టిన కోట యది. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధము చేసిన వైదిక ధర్మాభిమాని. ఆయన తోబుట్టువు శాంతిశ్రీ బౌద్ధుల మహాచైత్యమునకు పోషకురాలు. అన్న యజ్ఞము చేసిన యింటనే ఆడపడుచు చైత్యమునకు స్తంభములెత్తించినది. అందుకై ఆ యింట కలహము పుట్టినట్లు ఏ శాసనమును చెప్పదు. బోధిశ్రీ యను మరియొక ఉపాసిక సింహళ భిక్షువులకై చైత్యగృహమును కట్టించి, వారి ధర్మప్రచారము సోకిన కాశ్మీర, గాంధార, చీనాది దేశముల పేర్లను ప్రాకృత భాషలో రాతిపై చెక్కించినది. పల్నాటి లోయలోని ఒక గృహిణికి ఆనాడు లోకమెంత విశాలముగా కనుపించెనో చూడుడు!

ఇంతటి నగరము కాలక్రమమున అడవిపాలై, చెంచులును, పశులకాపరులును తిరుగు చోటయ్యెను. 1926వ సంవత్సరమున ఒక స్థానిక ఉపాధ్యాయుడు అచ్చట ప్రాచీన స్తంభమును గుర్తించి ప్రభుత్వమునకు తెలిపెను. శాసన పరిశోధన శాఖకు చెందిన సరస్వతిగారు వచ్చి చూచిరి. పిమ్మట లాంగ్‌హరస్టు 1927 మొదలు 1931 వరకును, టి. ఎన్. రామచంద్రన్ 1938 నుండియు త్రవ్వకములు సాగించిరి. ఈ కథలో నాకు ముఖ్యముగా తోచున దొక్కటే: మొదట చూచిన కన్ను ఊరి బడిపంతులుది. ఆయన ఊరకుండినచో, ఆనకట్ట వచ్చువరకును ఎవ్వరికిని తెలియకయే విజయపురి మునిగియుండెడిది.

ఇక రాజకీయముల మాట. కృష్ణాజలములను పెన్నకు మరల్చి దక్షిణమునకు గొనిపోవలెనని మదరాసు ప్రభుత్వము తలపెట్టగా, ఆంధ్రులు నందికొండ వద్దనే ఆనకట్ట కట్టవలెనని పట్టుబట్టిరి. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ ఆ ఉద్యమమునకు ప్రాణము పోసిరి. 1952లో ఖోస్లా సంఘము నందికొండనే సమర్థించెను. 1955 డిసెంబరు 10వ తేదీన పండిత నెహ్రూ శంకుస్థాపన చేసిరి. నీరు నిలిచినచో లోయ మునుగునని అందరికిని తెలియును. కరవున మాడిన పొలములు ఒక ప్రక్క, పదునారు వందల యేండ్ల శిథిలములు మరియొక ప్రక్క. నీరే గెలిచినది. ఆ నిర్ణయము తప్పని నేననను. ఆకలిగొన్నవానికి శిల్పము చూపి తృప్తి పడుమనుట ధర్మము గాదు.

అయితే, చరిత్రను ముంచిన రాజ్యము చరిత్రకు ఋణపడును. ఆ ఋణము మూడు విధములు. మునుగకముందు సమగ్రముగా త్రవ్వి చూచుట మొదటిది. దొరకిన దానిని పుట్టినచోటికి దగ్గరలోనే నిలుపుట రెండవది. తెలిసిన కథను ఆ నేల ప్రజలకు వారి భాషలో తిరిగి యిచ్చుట మూడవది.

ఋణము తీర్పనిచో ఏమగునో అమరావతి చెప్పును. 1796 ప్రాంతమున వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అచ్చట క్రొత్త పట్టణము కట్టించునపుడు, దీపాలదిన్నె యని జనులు పిలుచు దిబ్బను ఇటుకలకును, రాళ్లకును త్రవ్విరి. పాలరాతి వంటి శిల్పఫలకములు కొన్ని మెట్లయ్యెను, కొన్ని సున్నమయ్యెను. కర్నల్ మెకంజీ వచ్చి కొన్నిటికి చిత్రములు వ్రాయించినందున వాని రూపమైనను దక్కినది. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన ఫలకములు మదరాసు చేరి, వానిలో అనేకము 1859లో లండను పట్టణమునకు తరలిపోయినవి. నేడు అమరావతి శిల్పమును చూడగోరు గుంటూరు విద్యార్థి మదరాసుకో, సముద్రము దాటి లండనుకో పోవలసియున్నది. ఊరిలోని ప్రదర్శనశాలలో మిగిలినది కొంతయే.

నాగార్జునకొండకు ఆ గతి పట్టలేదు. 1954 నుండి 1960 వరకు డాక్టరు ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యవమున పురావస్తు శాఖ ఆ లోయనంతను గాలించెను. శిలాయుగపు పనిముట్లు మొదలు రాజప్రాసాదము వరకు, విహారములు, హారీతి ఆలయము, పుష్పభద్రస్వామి ఆలయము, నదీతీరపు స్నానఘట్టము, ప్రేక్షకులు కూర్చుండు మెట్లతో క్రీడారంగము బయల్పడెను. ముఖ్య కట్టడములు కొన్నింటిని రాయి రాయిగా విప్పి, కొండపైనను, అనుపులోను మరల నిలిపిరి. కొన్నిటికి నమూనాలు కట్టిరి. కొండ ద్వీపమయ్యెను. దానిపై 1966లో ప్రదర్శనశాల వెలసెను. 1967 ఆగస్టు 4వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధి కాలువలకు నీరు వదలిరి. మొదటి ఋణము చక్కగా తీరెను. రెండవదియు చాలవరకు తీరెననవచ్చును.

మూడవది మిగిలియున్నది. 1960లో ముగిసిన త్రవ్వకముల నివేదిక మొదటి సంపుటము 1975లో వెలువడెను. చారిత్రక యుగమును వివరించు రెండవ సంపుటము 2006లో గాని రాలేదు. అనగా నలువదియారేండ్ల ఆలస్యము. అదియు ఆంగ్లమున. తమ యిండ్లను, పొలములను నీటికి విడిచి లేచిపోయిన లోయవాసుల సంతతి తమ కాలిక్రింద నేమి యుండెనో ఏ భాషలో చదువుకొనవలెను? నేను లాంచీలో ఆ ద్వీపమునకు పోవునపుడు ఒక వృద్ధురాలు నీటివంక చూచుచు, “అడుగున ఊరున్నదట, నిజమేనా నాయనా?” యని యడిగినది. నాకు తెలిసినది చెప్పితిని. తెలిసినది ఎంత స్వల్పమో చెప్పునపుడే తెలిసినది.

శంకుస్థాపననాడు కృష్ణకు ఒక దరి ఆంధ్రరాష్ట్రము, మరియొక దరి హైదరాబాదు రాష్ట్రము. 1956లో రెండును ఒకటియైనవి. 2014లో మరల రెండైనవి. 2023 నవంబరులో నీటికై ఆనకట్టమీద ఉభయ రాష్ట్రముల పోలీసులు ఎదురుబొదురుగా నిలిచిరి. ఎడమ దరిని తెలంగాణ ప్రభుత్వము 2022లో బుద్ధవనమును తెరచి, అందు అమరావతి స్తూపమునకు ప్రతిరూపము నిలిపినది. కుడి దరి ప్రభుత్వము 2015లో తన నూతన రాజధానికి అమరావతి పేరే పెట్టి శంకుస్థాపన చేసినది. ఆ రాజధాని ఎచ్చట నుండవలెనన్న వాదము పిమ్మట ఎన్ని మలుపులు తిరిగెనో మీరెరుగుదురు. నీటిని గేట్లతో పంచుకొనవచ్చును. విజయపురిని పంచుకొనుట యెట్లు? పాత పేరు క్రొత్త పట్టణమునకు శోభ నిచ్చును గాని, పేరు పెట్టినంతమాత్రమున దిన్నె బాగుపడదు. ఉభయ ప్రభుత్వములును కలసి ఆ రెండు సంపుటముల సారమును సులభమైన తెలుగున ప్రకటించి, ప్రతి పాఠశాలకును పంపినచో అది యే శిలావిగ్రహము కన్నను మిన్న.

అంతవరకు మనమేమి చేయవలెను? మీ యూరి గుడి వెనుక అక్షరములతో నొక బండ పడియుండవచ్చును. చెరువు గట్టున వీరగల్లు ఒరిగియుండవచ్చును. దానికి సున్నము పూయనీయకుడు, మెట్టుగా వేయనీయకుడు. మీ బడిపంతులుకు చూపి, పురావస్తు శాఖకు ఒక ఉత్తరము వ్రాయుడు. విజయపురి నిలిచినది అట్టి యొక కబురు వలననే. రేపటి వార్తలలో సాగరపు నీటిమట్టము వినునపుడు, ఆ నీటి లోతునుకూడ ఒక్కసారి తలచుకొనుడని నా మనవి.