నాలుగో ఎదురు

"ఒరేయ్ నాన్నా, వెనక్కెళ్లి సైలెన్సర్ దగ్గర చెవి పెట్టు. ఆనించకు, కాలుద్ది."

చీకట్లో బానెట్ అవతల్నించి నాన్న గొంతు. 1980ల చివర్లో, శివరాత్రికి ముందు రోజు రాత్రి. దోర్నాల దాటి నల్లమల ఘాట్ ఎక్కుతూ మా అంబాసిడర్ టాక్సీ ఊపిరాడనట్టు అదిరి, రోడ్డు పక్కన ఆగిపోయింది. లోపల బెజవాడ నుంచి మల్లన్న దర్శనానికి బయల్దేరిన కుటుంబం. వెనక సీట్లో ముసలమ్మ పైకే శివనామం చెప్పుకుంటోంది. నాకప్పుడు పదకొండేళ్లు.

నాన్న తాళం తీసి జేబులో వేసుకున్నాడు. చక్రాల కింద రాళ్లు పెట్టించి, గేరు న్యూట్రల్‌లోకి తెచ్చాడు. డిక్కీలోంచి హ్యాండిల్ రాడ్డు తెచ్చి, ముందువైపు రంధ్రంలోంచి పోనిచ్చి ఇంజన్‌కి తగిలించాడు. బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచి పట్టుకున్నాడు. ఇంజన్ ఎదురు తన్నితే బొటనవేలు విరుగుతుందని ప్రతి డ్రైవరుకీ తెలిసిన భయం అది.

నిదానంగా తిప్పాడు. అరచుట్టుకి చేతికి ఎదురు తగిలింది. దాటించాడు. ఇంకో అరచుట్టుకి ఇంకోటి. తర్వాత మూడోది. నాలుగోచోట హ్యాండిల్ నీళ్లలో తిరిగినట్టు తేలిగ్గా వచ్చేసింది. సరిగ్గా అప్పుడే నా చెవిలో, గొట్టంలోంచి, "బుస్స్..."

"వినపడింది నాన్నా! పాము బుసలాగ."

నాన్న మాట్లాడలేదు. ఇంకో రెండు చుట్లు తిప్పాడు. మళ్లీ మూడు ఎదుళ్లు, ఒక ఖాళీ, ఒక బుస. రాడ్డు కింద పెట్టి అలాగే గొంతుక్కూర్చున్నాడు.

ఆ ఇంజన్‌కి నాలుగు సిలిండర్లు. హ్యాండిల్ రెండు చుట్లు తిరిగేలోగా నాలుగూ ఒకదాని వెంట ఒకటి గాలిని నొక్కుతాయి. ఆ నొక్కుడే చేతికి తగిలే ఎదురు. గాలి కార్బురేటర్లోంచి తప్పించుకుంటే లోపలికి పీల్చే వాల్వ్‌ది దోషం. ఆయిల్ పోసే మూత దగ్గర వస్తే రింగులది. సైలెన్సర్లో బుస కొడితే పొగ వదిలే వాల్వ్ మూసుకోవడం లేదన్నమాట. ఏ మీటరూ లేని ఆ కొండదారిలో ఒక చెయ్యి, ఒక చెవి కలిసి రోగాన్ని పట్టేశాయి.

ఆ కుటుంబాన్ని ఆర్టీసీ బస్సెక్కించి, తీసుకున్న అడ్వాన్సు తిరిగిచ్చాడు నాన్న. మూడు సిలిండర్ల మీదే ఆగుతూ ఆగుతూ మర్నాటికి బెజవాడ చేరాం.

ఆటోనగర్లో మా పెద్ద మేస్త్రీ హెడ్డు విప్పాడు. నాలుగో సిలిండర్ వాల్వ్‌ని గుడ్డతో తుడిచి నాన్న అరచేతిలో పెట్టాడు. గుండ్రటి అంచులో ఒకచోట ఎలక కొరికిన అప్పడంలా చిన్న నొక్కు.

"ట్యాపెట్లు ఎవరు బిగించారు?"

"వేరే షెడ్డులో, మేస్త్రీ గారూ. టకటకమంటోందని పార్టీలు గొణుగుతుంటే..." నాన్న తల దించుకున్నాడు. "చప్పుడే రాకూడదని నేనే అడిగాను."

మేస్త్రీ కోప్పడలేదు. "ట్యాపెట్ చప్పుడు చేస్తే భయం లేదయ్యా. అసలు చప్పుడే చెయ్యకపోతే భయపడాలి," అన్నాడు.

ఆ మాట అర్థం నాకు తర్వాత తెలిసింది. వాల్వ్‌ని తొక్కే రాకర్‌కీ, వాల్వ్ కాడకీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉండాలి. ట్యాపెట్ టకటక ఆ ఖాళీదే. వేడికి లోహం సాగుతుంది. ఖాళీ లేకపోతే గడియ పడని తలుపులా వాల్వ్ పూర్తిగా మూసుకోదు. మూసుకున్నప్పుడే దాని వేడి సీటులోకి దిగుతుంది. ఆనకపోతే వేడి పోయే దారి లేక, సందులోంచి దూసుకొచ్చే మంటకి అంచు కాలిపోతుంది.

కొత్త వాల్వ్ వేశారు. పేస్టు రాసి, అది సీటులో అతికినట్టు కూర్చునేదాకా అరగదీశారు. హెడ్డు బిగించాక ప్లగ్గులు నాలుగూ బయటే ఉంచి, మేస్త్రీ నన్ను పిలిచాడు.

"అబ్బాయ్, హ్యాండిల్ నువ్వు పట్టు. ప్లగ్గులు లేవు, తన్నదు. ఆపమన్నచోట ఆపు."

ముందు నుంచి వెనక్కి ఎనిమిది వాల్వ్‌లు వరసగా కనిపిస్తున్నాయి. నేను తిప్పుతుంటే ఒక్కో రాకర్ తల వంచి లేస్తోంది. ఒకటో వాల్వ్ పూర్తిగా కిందికి దిగగానే "ఆపు" అన్నాడు.

"ఇప్పుడు ఎనిమిదోది చూడాలి. దిగినదాని నంబరు తొమ్మిదిలోంచి తీసెయ్. మిగిలిందే నువ్వు కొలవాల్సింది. మూడు దిగితే?"

"ఆరు."

"ఐదు దిగితే?"

"నాలుగు."

"అంతే. నీ లెక్కల మేస్టారు చెప్పని తొమ్మిదో ఎక్కం."

ఫీలర్ గేజ్‌లోంచి పదిహేను థౌ రేకు తీశాడు. అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను, 0.38 మిల్లీమీటర్లు. లాక్ నట్టుని స్పానర్‌తో వదులు చేసి, స్క్రూని అణువంత తిప్పి, రేకుని సందులోకి పోనిచ్చాడు. నట్టు బిగించి మళ్లీ చూశాడు, బిగించేటప్పుడు స్క్రూ కూడా కదులుతుందని. తర్వాత నా వేళ్లకి ఇచ్చాడు.

"లాగు. ఎలా ఉంది?"

రేకు ఇరుక్కోలేదు, జారిపోలేదు. పుస్తకం పేజీల మధ్య నుంచి నెమలీక లాగినట్టు, కాస్త పట్టి వదిలింది.

"ఆ పట్టు గుర్తుపెట్టుకో. చప్పుడు తగ్గించమని ఎవర్నీ అడక్కు. ఖాళీ కొలవమని అడుగు."

2014లో ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఇప్పుడు చాలా బండ్లలో హైడ్రాలిక్ ట్యాపెట్లు ఖాళీని వాటంతటవే సరిచేసుకుంటున్నాయి. మంచిదే. కానీ యంత్రాన్ని మన చేత్తో, మన నిదానంతో తిప్పినప్పుడు అది చెప్పే మాట వేగంగా తిరిగేటప్పుడు వినిపించదు. ఆ మాట వినడం వచ్చిన చేతులు ఆటోనగర్ షెడ్లలో ఇంకా కొన్ని ఉన్నాయి. వాటి దగ్గర కూర్చుని నేర్చుకునే పిల్లలు ఉండాలని నా కోరిక.

ఆ సాయంత్రం ప్లగ్గులు బిగించాక, తాళం తన జేబులోనే ఉందని నాన్న తడిమి చూసుకున్నాడు. హ్యాండిల్ నాకిచ్చి, తను బండి వెనక్కి వెళ్లాడు. బొటనవేలు వేళ్ల వైపే పెట్టుకుని, రెండు చేతులతో తిప్పాను. ఒకటి. రెండు. మూడు.

నాలుగోది గట్టిగా వచ్చి నా అరచేతుల్ని వెనక్కి నెట్టింది.

సైలెన్సర్ దగ్గర వంగి చెవి పెట్టుకున్న నాన్న, నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.